పళ్లెం అడుగు

"మీ అక్క వీపు మీద గీకిన పొట్టు వేసి పెంచితే ఇందులో పెరిగింది ఉత్త గాలిలోంచి పడ్డ బూజు. తామర లేదని రాసేస్తున్నా. ఉడకబెట్టి కడిగెయ్," అంటూ ల్యాబు డాక్టరు గాజుపళ్లేన్ని నెట్టాడు.

మూడు నెలలుగా గోక్కుంటున్న అక్క బయట బల్ల మీద ఉంది. పళ్లేలు కడిగే ఆమె కదల్లేదు.

"అడుగున ఎర్రగా ఉందండీ."

"అంట్లు తోముకునేదానివి, నాకు పాఠాలా?"

"తోమేదాన్ని కాబట్టే అడుగులు చూస్తానండీ. మీరు మైక్రోస్కోపులో చూసి తామర అన్న పళ్లేలన్నీ అడుగున ఇలాగే ఉంటాయి. తీరిక లేనప్పుడు పైన తెల్లదూది లాంటి బూజు మాత్రమే చూసి పారేయమంటారు."

డాక్టరు వెటకారంగా నవ్వుతూ పళ్లెం తిరగేశాడు. నవ్వు ఆగిపోయింది. పొద్దున పారేయమన్న పళ్లేల బుట్ట కోసం ఆయన కళ్లు వెతికాయి.

"అవింకా కడగలేదండీ," అంటూ ఆమె బుట్టను ఆయన ముందుకు జరిపింది.