అరువు ఉమ్మి

ట్యూబు చూపుడు వేలంత ఉంది. అందులో గీత దాకా ఉమ్మి నింపి కంటి ఆసుపత్రిలో ఇస్తే చాలు. స్కూలు బస్సు డ్రైవరు తలుపు గడియ పెట్టి, దాన్ని జేబులోంచి తీసి బావమరిది చేతిలో పెట్టాడు.

"నా బదులు నువ్వు ఉమ్మాలిరా," అన్నాడు.

బావమరిది బిస్కెట్ నమలడం ఆపి చూశాడు. పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో బావ తనను "ఎప్పుడు వెళ్తున్నావు?" అని తప్ప వేరే ఏమీ అడిగినవాడు కాదు.

సంగతేమిటంటే, డ్రైవరు తండ్రికి నలభై దాటగానే రేచీకటి మొదలైంది. ఆపైన చూపు అంచుల నుంచి తగ్గుతూ వచ్చి చివరికి మొత్తం పోయింది. తాతకీ అదే జరిగింది. ఆసుపత్రి వాళ్లు తండ్రి రక్తం పరీక్షించి, ఏ జన్యువులో తప్పుందో పట్టుకున్నారు. అది కొడుక్కి రావడానికీ రాకపోవడానికీ సగం సగం అవకాశం ఉందన్నారు. ఆ మాట కాస్తా స్కూలు మేనేజరు చెవిన పడింది. పరీక్ష చేయించుకుని, తప్పు లేదని కాగితం తెచ్చాకే స్టీరింగు ముట్టుకోమన్నాడు.

డ్రైవరుకి ముప్పై తొమ్మిదేళ్లు. జబ్బు తనకి వచ్చే ఉంటుందని అతనికి గట్టి నమ్మకం. ముక్కు తండ్రిదే, బట్టతల తండ్రిదే, నడుం నొప్పి కూడా తండ్రిదే. ఇన్ని ఇచ్చిన మనిషి కళ్ల దగ్గర మాత్రం పిసినారితనం చూపిస్తాడా? బావమరిది సంగతి వేరు. వాళ్ల వైపు తొంభై ఏళ్ల ముసలమ్మ కూడా కళ్లద్దాలు లేకుండా సూదిలో దారం ఎక్కిస్తుంది.

మర్నాడు సాయంత్రానికి ట్యూబు నిండి బల్ల మీద ఉంది. నెల తిరక్కుండా కాగితం వచ్చింది. తప్పు లేదు. మేనేజరు చెయ్యి కలిపి మరీ తాళాలిచ్చాడు. డ్రైవరు భార్య సంతోషం పట్టలేక ఏడ్చింది. ఆమెకు ఈ మోసం సంగతి తెలియదు.

ఆ రోజు నుంచి బావమరిది ఆ ఇంటికి అల్లుడైపోయాడు. ఫ్యాను కింద మంచం అతనిది, టీవీ రిమోటు అతనిది, పొద్దున్నే మొదటి కాఫీ అతనిది. డ్రైవరు అతని బూట్లు కూడా తుడిచేవాడు. ఎప్పుడైనా మొహం చిట్లిస్తే, మేనేజరుగారిని ఒకసారి పలకరించి వస్తానంటూ బావమరిది లేచి నిలబడేవాడు. మొగుడికి తన పుట్టింటి మీద ఇంత ప్రేమ ఎప్పుడు పుట్టుకొచ్చిందా అని ఆ ఇల్లాలు మురిసిపోయింది.

డ్రైవరుకి మాత్రం రోజూ నరకమే. పొద్దున లేవగానే ఒక్కో కన్నూ మూసి, క్యాలెండరు అంచులు కనిపిస్తున్నాయో లేదో చూసుకునేవాడు. కాలికి బకెట్ తగిలితే చాలు, జబ్బు మొదలైందనుకునేవాడు. గుడ్డితనం అలవాటు చేసుకుందామని కళ్లు మూసుకుని ఇల్లంతా తడుముకుంటూ తిరిగేవాడు. అలా ఒకసారి మెట్ల మీంచి పడ్డాడు కూడా. అదీ జబ్బు ఖాతాలోనే వేసుకున్నాడు.

ఒక సాయంత్రం బస్సు నిండా పిల్లలున్నారు. వీధి మలుపులో రోడ్డు మీద ఎవరో చిన్నపిల్ల నిలబడినట్టు అనిపించి, ఉన్న బలమంతా పెట్టి బ్రేకు తొక్కాడు. ముందు సీట్లో పాప కడ్డీకి గుద్దుకుంది. పెదవి చిట్లి రక్తం వచ్చింది.

"అది స్తంభం నీడ కదా డ్రైవరంకుల్," అంది పాప ఏడుస్తూనే.

ఆ రాత్రి, తన కడుపు కోసం నలభై మంది పిల్లల ప్రాణాలతో ఆడుకుంటున్నానని తనను తనే తిట్టుకున్నాడు. తెల్లారగానే మేనేజరు గదికి వెళ్లి, తాళాలు బల్ల మీద పెట్టి, ఉమ్మి తనది కాదని ఒప్పేసుకున్నాడు. అదే మాట కాగితం మీద రాసి సంతకం కూడా పెట్టాడు. మేనేజరు అక్కడికక్కడే ఉద్యోగం పీకేశాడు. పోలీసులకు ఫిర్యాదు చేస్తానన్నాడు, ఇక జన్మలో ఎవరూ స్టీరింగు ఇవ్వకుండా చూస్తానన్నాడు. బయటికి వచ్చిన డ్రైవరుకి పదిహేనేళ్ల కొలువు పోయినందుకు ఏడుపొచ్చింది. పిల్లలు బతికిపోయారన్న తృప్తి మాత్రం మిగిలింది.

అక్కడి నుంచి నేరుగా ఆసుపత్రికి వెళ్లి, జన్యు పరీక్షల గురించి వివరించే మేడంకి కూడా జరిగిందంతా చెప్పాడు. ఆవిడ చడామడా తిట్టి కొత్త ట్యూబు ఇచ్చింది. ఉమ్మే ముందు అరగంట పాటు నోట్లో ఏమీ వేసుకోకూడదని గుర్తు చేసింది.

"పోయినసారి ఆయనెవరో బాగానే పాటించారు. ఉమ్మిలో ఒక్క తిండి తునక కూడా లేదు," అంది.

డ్రైవరు ఇంటికి వచ్చేసరికి బావమరిది ఫ్యాను కింద పడుకుని, పొట్ట మీద బిస్కెట్ల డబ్బా పెట్టుకుని నములుతున్నాడు. ఉద్యోగం పోయిందని, అంతా ఒప్పేసుకున్నానని డ్రైవరు చెబితే, అతని నోట్లో బిస్కెట్ అక్కడే ఆగిపోయింది. ఇంతలో డ్రైవరుకి మేడం మాట గుర్తొచ్చింది.

"ఒరేయ్, నిజం చెప్పు. ఆ రోజు అరగంట సేపు ఏమీ తినకుండా ఎలా ఉన్నావురా?"

బావమరిది బిస్కెట్ల డబ్బా మెల్లగా మంచం కిందికి నెట్టి, తలుపు ఎంత దూరంలో ఉందో ఓసారి చూసుకుని చెప్పాడు.

"అరగంట నోరు కట్టుకోవడం నా వల్ల అవుతుందా బావా? మధ్యాహ్నం నువ్వు సోఫాలో నోరు తెరుచుకుని నిద్రపోతుంటే, కారిందంతా ట్యూబులోకి పట్టేశాను."