కండక్టరుగారి ఒక్క మాట

"రైట్," అన్నాడు కండక్టరు మంచం మీంచి.

"మంచినీళ్లా?" అంది భార్య. కాదన్నట్టు తల ఊపాడు. "ఫ్యాన్ వెయ్యనా? దిండు సర్దనా?" రెండూ కావు. ఆవిడ కుర్చీ లాక్కుని పక్కన కూర్చుంది. "కిటికీ తెరవాలా?" అనడిగాక అప్పుడు సరేనన్నట్టు తలాడించాడు. తెరిచే ఉన్న కిటికీని ఇంకాస్త తెరిచి వచ్చి, ఆవిడ మళ్లీ అక్కడే కూర్చుంది.

ఉద్యోగం చేసినన్నాళ్లూ బస్సులో అరిచిన మాట అది. పక్షవాతం వచ్చి కుడి చెయ్యీ నోటి మాటా పడిపోయినా, ఆ ఒక్కటీ నాలుక మీద మిగిలింది. సాగదీస్తే ఆకలి. పొట్టిగా తెంచేస్తే టీ. గబగబా రెండుసార్లంటే పక్కకి తిప్పమని. గొంతు తగ్గిస్తే లైటు తీసెయ్యమని. కొడుకు ఫోన్ చేసినా మధ్యలో ఆవిడే దుబాసీ.

నిజం చెప్పాలంటే ఆవిడకు ఇది బాగానే ఉంది. అప్పట్లో ఆయన ఊరందరితో వాగి వాగి, ఇంటికొచ్చి నోటికి తాళం వేసుకునేవాడు. ఆవిడ కంచం పెట్టేసి టీవీ ముందుకు పోయేది. ఇప్పుడు ఆయనకున్నది ఒక్క మాట, దాని అర్థాలన్నీ ఆవిడవే.

అలాంటిది మధ్యలో మాటలు నేర్పే పిల్ల ఒకతి తయారైంది. ఆసుపత్రి వాళ్లు పంపిన స్పీచ్ థెరపిస్టు.

"రైట్ అంటే ఎన్ని అర్థాలో తెలుసా ఆంటీ? సరైనది, కుడివైపు, హక్కు..." అంది మొదటిరోజే.

"మా ఇంట్లో ఇంకా చాలా ఉన్నాయిలే," అంది ఆవిడ. హక్కన్న ముక్క మాత్రం మనసులో పెట్టుకుంది.

ఆ పిల్ల మధ్యాహ్నం పూట వచ్చి గదిలోకి వెళ్లి తలుపేసుకుంటుంది. "మీరుంటే అంకుల్ నోరు తెరవరు, అన్నీ మీరే చెప్పేస్తారు," అంటుంది. మొదట్లో బొమ్మల అట్టలు తెచ్చేది. ఈమధ్య చేతులూపుకుంటూ వస్తోంది. అట్టల్లేకుండా పాఠమేమిటో ఆవిడకు అర్థం కాలేదు. పైగా లోపలినుంచి నవ్వులు. ఆ పిల్లది ఒకటి, ఈయనది ఒకటి. కట్టుకున్నదాని ముందు అలా నవ్విన పాపాన పోలేదు. కూతురి వయసు పిల్ల మీద ఈ ఏడుపేమిటని ఆవిడ తనను తానే తిట్టుకుంది గానీ, మంట చల్లారలేదు.

"ఆ పిల్ల దగ్గర ఎందుకండీ అంత ఇకఇకలు?" అని ఓ సాయంత్రం అడిగేసింది.

"రైట్," అన్నాడు అమాయకంగా.

ఈ రైట్‌కి అర్థం ఆవిడకు అంతుపట్టలేదు. ఆ రాత్రి సరిగా అన్నం సయించలేదు.

మర్నాడు ఆ పిల్లను గుమ్మంలోనే నిలబెట్టేసింది. "ఇన్నాళ్లొచ్చావు, కొత్త మాట ఒక్కటైనా రాలేదు కదమ్మా. రేపట్నించి రానక్కర్లేదు."

పిల్ల తల దించుకుంది. "అంకుల్‌ని ఒకసారి అడగనివ్వండి ఆంటీ."

"ఆయన్నడిగేదేముంది? ఆయన తరపున నేనే చెప్తున్నా."

"ఐదు నిమిషాలు," అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఆవిడ వంటింట్లోకి వెళ్లి టీ పోసింది. టీ వంకతో వెళ్దామని గ్లాసు పట్టుకొచ్చి, తలుపు తట్టబోయి ఆగి, చెవి ఆనించింది.

"ఇంక దాచడం నావల్ల కాదంకుల్. ఇవాళ ఆంటీకి చెప్పేస్తాను," అంటోంది పిల్ల.

ఆవిడ చెవి ఇంకాస్త గట్టిగా ఆనించబోతే, గ్లాసు ఒరిగి వేడి టీ వేళ్ల మీదికి ఒలికింది. అయినా అక్కణ్ణుంచి కదల్లేదు. లోపలినుంచి మెల్లగా, బతిమాలుతున్నట్టుగా జవాబొచ్చింది.

"మాటలొచ్చాయని చెప్పకమ్మా, మళ్లీ నా పక్కన కూర్చోదు."