ఐదక్షరాల గొళ్లెం

“ఐదక్షరాలు. ఏ, ఈ రెండూ ఉండాలె,” అంది తలుపు లోపలి నుంచి ఆడగొంతు.

“బ్రెడ్,” అన్నాడు బయట నిలబడ్డ శివకృష్ణ.

“అర్థం?”

“రొట్టె.”

అప్పుడు గానీ గొళ్లెం తీయలేదు స్వర్ణ. కట్టుకున్న మొగుడికి! అదీ పట్టపగలు!

మెట్ల కింద బట్టలు పిండుతున్న ఇంటి యజమానురాలు అండాలుకు ఒళ్లు మండింది. పై గది కిరాయికిచ్చి నెల తిరగలేదు, రోజూ ఇదే తంతు. లోపలి నుంచి ఆమె ఏవో రెండు ఇంగ్లిషు అక్షరాలు అంటుంది. అవి ఉన్న ఐదక్షరాల మాట ఇతను చెప్పాలి. అర్థమూ చెప్పాలి. ఇది సంసారమా, సర్కారు నౌకరీ పరీక్షా?

ఒకరోజు అడిగేసింది కూడా.

“కోచింగ్ల కలిసి చదువుకున్నమమ్మా. అప్పటి ఆట,” అని నవ్వేశాడు శివకృష్ణ.

ఆటైతే నవ్వాలి కదా! ఆ పిల్ల గొంతులో నవ్వన్నది ఏనాడూ వినపడలేదు. కిటికీ అద్దాలకు పాత పేపర్లు అంటించింది. నల్లా దగ్గరికి రాదు. గల్లీ ఆడవాళ్లంతా పిలిచినా బతుకమ్మ ఆడటానికి దిగలేదు. చేతిలో ఫోన్ లేదు. ఈ రోజుల్లో ఫోన్ లేని ఆడపిల్ల ఉంటుందా? ఏ ఊరమ్మా అంటే ఒకసారి మేళ్లచెరువు అంది, ఇంకోసారి రామన్నపేట అంది. పుట్టిన ఊరు కూడా మర్చిపోతారా మనుషులు!

అండాలు అనుమానం ఊరికే పుట్టింది కాదు. నిరుడు ఇదే గదిలో దిగిన పెద్దమనుషులు నకిలీ పత్తి విత్తనాలు సంచులకెత్తి పట్టుబడ్డారు. ఇంటామెవు నువ్వే కదా అని పోలీసులు ఆమెను పొద్దంతా స్టేషన్ బెంచీ మీద కూర్చోబెట్టారు. గల్లీ గల్లీ అంతా ముక్కున వేలేసుకుంది. “ఇంకోసారి గిట్లయిందనుకో, ఇల్లు అమ్మేసి మా దగ్గరికి రా,” అని కూతురు మల్లీశ్వరి ఖరాఖండిగా చెప్పేసింది. భర్త పోయాక అండాలుకు మిగిలినవి ఆ ఇల్లూ, నలుగురిలో కాస్త మర్యాదా. రెండూ పోతే నల్గొండలో తలెత్తుకొని తిరిగేదెట్లా?

అంతలో గ్యాసు బండ తెచ్చిన ఖాసిం ఆ అనుమానానికి ఆజ్యం పోశాడు. భుజాన బండ పెట్టుకొని, చెవిదగ్గర ఫోన్ పెట్టుకొని, పై గది ముందు నిలబడి “ఓషన్! ఓషనంటే సముద్రం!” అని కేకేశాడు. తలుపు తెరుచుకుంది. దిగి వస్తున్న అతన్ని అండాలు మెట్ల దగ్గరే పట్టుకుంది.

“ఏందిరా ఆ కత?”

“నాకేం ఎర్క అమ్మా! ఆయన పంపినోళ్లకు తప్ప తలుపు తియ్యదంట. ఆమె అడిగిన అక్షరాలు నేను ఫోన్ల చెప్పిన, సారు మాట అందిచ్చిండు.”

ఇంకేముంది, ముఠానే! గంజాయో, దొంగనోట్లో, ఏ పాడో. అన్నం సయించలేదు అండాలుకు. ఖాళీ చేయమందామంటే భయం. ఊరుకుందామంటే అంతకన్నా భయం.

శుక్రవారం మధ్యాహ్నం, శివకృష్ణ పనికి పోయాక, గేటు దగ్గర కారాగింది. ఇస్త్రీ చొక్కా వేసుకున్న పెద్దమనిషి దిగాడు. ఇద్దరు కారులోనే ఉండిపోయారు.

“డిపార్టుమెంటు నుంచి వచ్చిన. మఫ్టీల ఉన్నం,” అన్నాడాయన మెల్లగా. ఫోన్‌లో ఫోటో చూపించాడు. “మీ పైన ఉండేది ఈ పిల్లేనా?”

స్వర్ణే. అండాలుకు ప్రాణం లేచి వచ్చింది. తమంతట తాముగా పోలీసులే వస్తే ఇంకేం కావాలి!

“నేను ముందే అనుకున్న సార్! నా మనసు చెప్తనే ఉన్నది,” అంటూ పేపర్లంటించిన కిటికీల నుంచి గ్యాసు బండ దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. ఆయన మధ్యలో అడ్డు రాలేదు. అంతా విని ఒకటే అడిగాడు.

“మంచిగ తింటాందా?”

పోలీసుల్లో ఇంత దయగలవాళ్లుంటారా అని అండాలు ఆశ్చర్యపోయింది. “ఏం తినుడో సార్, చిక్కి సగమైంది. కనీ నా పేరు బయటికి రానియ్యొద్దు. మళ్ల నన్ను ఆ బెంచీ మీద కూసోవెట్టొద్దు. నీకు పుణ్యముంటది.”

“నీకేం ఫికర్ లేదు. తలుపు తీయించు, చాలు. నా గొంతు వినబడితే తియ్యదు. నువ్వే మాట్లాడు.”

ఆయన చెప్పులు కిందే విడిచి ఆమె వెనకాల మెట్లెక్కాడు. పైన తీగ మీద స్వర్ణ చున్నీ ఆరేసి ఉంది. దాన్ని పక్కకు జరుపుతూ ఒక క్షణం ఆగాడు. అండాలు తలుపు తట్టింది.

“ఎవరు?”

“నేనే బిడ్డా, ఇంటామెను. శివకృష్ణ పంపిండు.”

లోపల అడుగులు తలుపు దాకా వచ్చి ఆగాయి.

“ఐదక్షరాలు. టీ, ఆర్ ఉండాలె.”

ఆయన వంగి అండాలు చెవిలో ఊదాడు.

“ట్రెయిన్!” అంది అండాలు.

“అర్థం?”

ఇది మాత్రం ఎవరూ చెప్పనక్కర్లేదు. “రైలు!” అంది ధీమాగా.

గొళ్లెం తీసిన చప్పుడైంది. అమ్మయ్య, ఇల్లు దక్కింది, పరువు దక్కింది అనుకుంటూ అండాలు పక్కకు తప్పుకొని ఆయనకు దారిచ్చింది.

తలుపు తీసిన స్వర్ణ, ఆయన మొహం చూసి గోడ దాకా వెనక్కి జరిగి అడిగింది: “నాయినా... శివను ఏం జేసినవ్?”