చేతిముద్రలు

నడవ గోడ పట్టుకుని ఒంటిచక్రం సైకిల్ మీద బయల్దేరిన కోడలు, వంటింటి గుమ్మం దగ్గర మళ్లీ దబ్బున పడింది.

"నడుముందా, విరిగిందా?" వెనకాలే తడిగుడ్డతో గోడ తుడుచుకుంటూ వస్తున్న అత్తగారు అడిగారు.

"విరిగినా బాగుండేది, ఇది నేర్చుకోవడం మానెయ్యడానికి సాకు దొరికేది." కోడలు సైకిల్‌ని ఒక్క తన్ను తన్నింది. "నాతోపాటు నేర్చుకునే గుంపులో వాళ్లు ఇలాంటి సైకిళ్ల మీద ఊళ్లకు ఊళ్లు దాటొచ్చి, ఫోన్లో ఒకటే కబుర్లు. నేనేం చెప్పుకోను, ఈ గుమ్మం దగ్గర పడ్డాననా? రేపే అమ్మేస్తాను. మీ గోడకి నా మురికిచేతుల పీడ వదులుతుంది."

"సగం ఇప్పటికే వదిలిందిగా."

"ఏమిటత్తయ్యా వదిలింది?"

"మొదట్లో గది దగ్గర్నుంచి వంటింటి దాకా నీ చేతిముద్రలు తుడవలేక చచ్చేదాన్ని. ఇవాళ నడవ మధ్యలో గడియారం కిందిదాకానే ఉన్నాయి. అక్కణ్ణుంచి గోడ ముట్టుకోకుండా ఎలా వచ్చావే?"

కోడలు వెనక్కి తిరిగి చూసింది. పడడం తప్ప తనకేమీ గుర్తులేదు. గడియారం నుంచి గుమ్మం దాకా గోడ, గుడ్డ తగలకుండానే తెల్లగా ఉంది.

అత్తగారు గుడ్డని బకెట్లో పడేసి, వీధి తలుపు బార్లా తీశారు.

"ఇక బయటికి పో తల్లీ. అక్కడైతే నాకు తుడవడానికి గోడలుండవు."