అంతర్వేది ఎదుట నెమ్మది

“ఒక్క ఓడ కూడా మన మాట వినలేదు దుర్గాశ్రీ. ఇంకెందుకమ్మా ఈ ఉత్తర్వు? ఎల్లుండి మీటింగులో రద్దు చేసేద్దామంటాను” అన్నారు అశోక్ గారు, కంప్యూటర్ తెర ఆమె వైపు తిప్పుతూ.

కాకినాడలోని ఆ ప్రభుత్వ ఆఫీసుకి ఆయన పెద్ద. సముద్ర జీవుల సంగతి చూసే అధికారి దుర్గాశ్రీ. తెర మీద గోదావరి తీరం వెంట వెళ్ళిన ఓడల దారులు గీతలుగా కనిపిస్తున్నాయి. జోరుగా వెళ్తే ఎరుపు, నెమ్మదిస్తే పచ్చ. గోదావరి పాయ గౌతమి సముద్రంలో కలిసేచోటే వలస తిమింగలాలు ఓడల దారికి అడ్డంగా దాటేది. ఈ కాలంలో అక్కడ వేగం సగానికి తగ్గించమని ప్రభుత్వం ఉత్తర్వులో కోరింది, జరిమానా మాత్రం పెట్టలేదు. గీతలు మాత్రం అక్కడ ఎర్రగా మండిపోతున్నాయి. కిందటి వారమే ఒక తల్లి తిమింగలం ఓడ గుద్దుకుని, వెన్ను విరిగి ఒడ్డుకి కొట్టుకొచ్చింది. కడుపులో పిల్ల ఉందని డాక్టరు చెప్పిన మాట దుర్గాశ్రీని ఇంకా వదల్లేదు.

“సార్, ఇదేంటి?” అంది ఉన్నట్టుండి.

ఇంకా కిందికి, అంతర్వేది ఎదురుగా, సముద్రం మధ్యలో చాలా గీతలు ఒకేచోట పచ్చబడ్డాయి.

“మనం అడిగింది అక్కడ కాదే!” అన్నారు అశోక్ గారు.

ఏదో పని మీద వచ్చి కూర్చున్న షిప్పింగ్ ఏజెంటు ప్రసన్నకుమార్ తొంగిచూశాడు. “నరసింహస్వామికి దణ్ణం పెట్టుకోడానికేమోనండి.”

“వాటిల్లో సగం ఓడల్లో పనిచేసేది ఫిలిప్పీన్స్ వాళ్ళు కదండీ?” అంది దుర్గాశ్రీ.

“స్వామి అందరివాడండి!”

ఇసుక మేటలా అంటే, అక్కడ లోతు బోలెడుంది. వలలా అంటే, మనవాళ్ళు ఓడల దారిలో వలలు వెయ్యరు. దుర్గాశ్రీకి ఒక ఆలోచన తట్టింది. తిమింగలాలే దారి మార్చుకున్నాయేమో! వాటిని కళ్ళారా చూసి కెప్టెన్లే నెమ్మదిస్తున్నారేమో!

“నేనే వెళ్ళి చూసొస్తాను సార్. అప్పటిదాకా రద్దని రాయకండి” అంది.

ప్రసన్నకుమార్ మాట సాయంతో మర్నాడు పొద్దున్నే తూత్తుకుడి వెళ్ళే బియ్యం ఓడెక్కింది. కెప్టెన్ శివరామకృష్ణది నరసాపురం. కాఫీ తెప్పించి, బైనాక్యులర్స్ కూడా చేతికిచ్చాడు. కానీ గౌతమి ఎదురుగా వచ్చేసరికి ఓడ జోరు ఏమాత్రం తగ్గలేదు.

“ఇక్కడేనండి కెప్టెన్ గారూ, తగ్గించమని మేం కోరింది.”

“తెలుసు మేడం. కానీ ఇక్కడ తగ్గిస్తే అక్కడ తగ్గించడానికి టైం ఉండదండి. రెండుచోట్లా అంటే మా ఓనర్లు ఊరుకోరు.”

“అక్కడేముందండి?”

కెప్టెన్ కాస్త సిగ్గుపడ్డట్టు నవ్వాడు. “చెప్తే నవ్విపోతారు. చూద్దురుగాని.”

అంతలో ముందర, కాస్త ఎడంగా, నీళ్ళలోంచి తెల్లటి ఆవిరి బుస్సున లేచింది. పక్కనే ఇంకోటి, చిన్నది. తల్లీ పిల్లా! దుర్గాశ్రీ ఓడ అంచునున్న కమ్మీని గట్టిగా పట్టుకుంది. కెప్టెన్ చుక్కాని దగ్గరున్న మనిషికి ఏదో అరిచాడు. ఓడ బరువుగా పక్కకి మళ్ళింది. నల్లటి వీపు ఒకటి ఓడ పక్కనే మెరిసి మునిగిపోయింది. చాలాసేపటికి, బాగా వెనకాల, రెండు ఆవిర్లూ మళ్ళీ కనిపించాయి. అప్పటిగ్గానీ ఆమె కమ్మీ వదల్లేదు.

“ఈసారికి బతికాయి” అన్నాడు కెప్టెన్. నుదుటి చెమట తుడుచుకున్నాడు.

మధ్యాహ్నానికి అంతర్వేది ఎదురుగా వచ్చారు. ఒడ్డు సన్నటి గీతలా ఆనుతోంది. ఉన్నట్టుండి ఇంజన్ హోరు తగ్గింది. మెట్ల మీద అడుగుల చప్పుడు. ఇంజన్ గదిలోంచి మసి చేతులతో ఇద్దరు, వంటగదిలోంచి పిండి చేతులతో వంటాయన లోకనాథ్, అందరూ పరిగెత్తుకొచ్చి ఒడ్డు వైపు కమ్మీ పట్టుకుని నిలబడ్డారు. దుర్గాశ్రీ గబగబా బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుంది. ఆ చివర నుంచి ఈ చివరిదాకా వెతికింది. ఆవిరి లేదు, వీపు లేదు. పళ్ళెంలో పోసినట్టు నీళ్ళు.

“ఏవీ? ఎక్కడండీ?” అంటూ పక్కకి తిరిగింది.

ఎవరూ సముద్రాన్ని చూడటం లేదు. లోకనాథ్ కళ్ళమ్మట నీళ్ళు కారుతున్నాయి. ఒక కుర్ర ఫిలిప్పీన్స్ నావికుడు అరచేతిలోకి చూస్తూ, చంటిపిల్లని ఆడించినట్టు మాట్లాడుతున్నాడు.

“అమ్మా, వినపడుతోందా? నేనే... ఆ, తిన్నాను. బాబు నిలబడుతున్నాడా? ఏదీ, ఫోను వాడి దగ్గర పెట్టు!” అన్నాడు లోకనాథ్.

కెప్టెన్ ఆమె పక్కకొచ్చి నిలబడ్డాడు. “కాకినాడ దాటితే మడ అడవి పొడుగునా సిగ్నల్ ఉండదండి. మళ్ళీ అందేది ఇక్కడే. ఇది దాటామా, నడిసముద్రంలోకి పోతాం. అందుకని ఈ ఒక్కచోటా మా కుర్రాళ్ళ కోసం ఏ ఓడైనా నెమ్మదిస్తుంది.”

దుర్గాశ్రీ ఫోనూ మోగింది. అశోక్ గారు.

“ఏమ్మా, తిమింగలాలు దారి మార్చాయా? ఉత్తర్వులో ఏం మార్చమంటావు?”

ఆమె ఒకసారి కమ్మీ పొడుగునా నిలబడ్డ మనుషుల్ని చూసింది.

“ఉత్తర్వులో ఏమీ మార్చక్కర్లేదు సార్. గౌతమి ఒడ్డున ఒక సెల్ టవర్ వేయించండి!”