రాణి పక్కన

“ఆ రాణి ఫోటో ఒకసారి చూపియ్యప్పా,” అంది సైదున్నీసా, ప్రొద్దుటూరు గుడ్డలంగడి గడప దగ్గర నిలబడి.

అంగడి యజమాని బదరీనారాయణ మురిసిపోయాడు. టాకీసులో సినిమా మారినప్పుడల్లా గోడమీది ఫోటోలు అడిగి తెచ్చుకుని ఆల్బంలో అతికించడం అతనికి పిచ్చి. గబగబా తెరిచి చూపించాడు.

ఆమె రాణి వంక చూడనేలేదు. “పక్కన చామరం పట్టుకునింది మా బిడ్డ సాజిదా. యాడప్పా?”

“పక్కనోళ్లు మనకెందుకులే! గుడ్డకు అంచు తీసినట్టు కత్తిరించి పారేసినా. రాణి ఒక్కతే ఎంత లక్షణంగా ఉందో చూడు.”

“సినిమాల్లో ఏషాలకని పోయి, అది మద్రాసులోనే సచ్చిపోయిందప్పా. దానిది ఇంకో ఫోటో లేదు.”

సైదున్నీసా వేలు రాణి భుజం దగ్గర ఆగింది. అక్కడ, చామరం పట్టుకున్న చెయ్యొకటి మిగిలిపోయి ఉంది.

“ఈ చెయ్యన్నా కత్తిరించియ్యప్పా.”