సుభాషిణి నంబరు

అలో, వినపడుతుందా అండీ? అక్కలు, బావలు, బాబాయిలు అందరూ లైన్లోకి వచ్చేసినట్టేనా? భోజనాలయ్యాయా? అవ్వకపోతే కంచం ముందు పెట్టుకునే వినండి. అక్కడ అప్పుడే కొట్టడం మొదలైంది. మనం ఆలస్యంగా పోతే మనిషి మిగలడు.

మొదటి దెబ్బ హనుమయ్య వీపు మీద పడింది. గొడ్డలి కామతో, అదే, దాని కర్రతో. కల్లంలో ఆరబోసిన మిరపకాయల మీద బోర్లా పడ్డాడు. రెండో దెబ్బకు పెదవి పగిలింది. ఎర్రటి కాయల మీద నెత్తురు పడినా తేడా తెలియలేదు గానీ, పగిలిన పెదవికి కారం తగిలేసరికి ప్రాణం జివ్వుమంది.

"చెప్పు బావా, ఎవతది?" మళ్లీ కామ ఎత్తాడు శ్రీహరి. హనుమయ్య భార్య శేషారత్నానికి తమ్ముడు.

"ఎవతీ లేదురా."

"లేకపోతే రెండో ఫోను కాయల బస్తా కింద ఎందుకు దాచినట్టు? కోడిలాగా పొదుగుద్దనా?"

"వాడికి బావా అని మర్యాదేందిరా!"

ఆ మాటన్నది శేషారత్నం అన్న నాగభూషణరావు. గురజాల పక్క ఊళ్లలో ఆయన మీసం మీద చెయ్యేస్తే తగాదా తీరిపోయినట్టే. హనుమయ్యను జుట్టు పట్టి లేపి, మోకాలితో డొక్కలో ఒక్కటి పొడిచాడు. హనుమయ్య లుంగలు చుట్టుకుపోయాడు.

"నా చెల్లెల్ని ఇంట్లో పెట్టుకొని ఇంకోదానితో సరసాలా? నా చెల్లెలి మొగుడివని చెప్పుకొనే గదరా ఇన్నాళ్లూ మాచర్లలో రొమ్ము విరుచుకొని తిరిగావు!"

శేషారత్నం కల్లం గట్టున నిలబడి ఉంది. ఏడవడం లేదు. పొద్దున ఫోను దొరకడమూ, అందులో ఎవరో సుభాషిణి పంపిన మెసేజీలు కనపడటమూ, పుట్టింటికి కబురు పోవడమూ ఒకదాని వెనక ఒకటి జరిగిపోయాయి.

నిజం చెబితే దెబ్బలు ఆగిపోతాయని హనుమయ్యకు తెలుసు. ఆ ఫోన్లో ఉన్నవి ప్రేమ నవలలు. ఆడవాళ్లు ఎదురుచూసి మరీ చదివే సీరియళ్లు. కాయలకు కాపలా ఉంటూ ఊసుపోక ఒకటి తెరిచాడు, ఇక వదల్లేకపోయాడు. ఆ పాఠకుల గ్రూపులో మగవాళ్లను చేర్చుకోరు. అందుకని వేరే నంబరు తీసుకొని, దేవిక అని పేరు పెట్టుకొని దూరిపోయాడు. సుభాషిణి అక్కడే పరిచయం. మొహం చూసింది లేదు, గొంతు విన్నది లేదు. హీరోయిన్ కష్టాలు తలుచుకొని ఇద్దరూ ఏడ్చుకోవడం, అంతే.

కానీ ఆ మాట ఎట్లా చెబుతాడు? పోయిన ఎలక్షన్ల గొడవలో ఇద్దరి తలలు పగలగొట్టిన హనుమయ్య, ఆడవాళ్ల నవల చదివి తువ్వాలుతో కళ్లు ఒత్తుకుంటున్నాడంటే నూజెండ్ల దాకా నవ్వుతారు. అదే ఇంకో ఆడది ఉందంటే తన్ని వదిలేస్తారు. మీసమైనా మిగులుతుంది.

"ఉంది," అన్నాడు కళ్లు మూసుకొని. "అవును, ఉంది. ఏం చేసుకుంటారో చేసుకోండి."

శేషారత్నం గట్టు మీద కూలబడింది.

నాగభూషణరావు బస్తాల పక్కనున్న కొడవలి అందుకున్నాడు. "ఏ చేత్తో కొట్టావురా మెసేజీలు? ఆ చెయ్యి పెట్టు కాటా మీద. శ్రీహరీ, తొక్కి పట్టరా!"

శ్రీహరి హనుమయ్య మణికట్టును కాయలు తూచే కాటా మీద పెట్టి, మోకాలితో అదిమాడు. ఎముక కటుక్కుమంది. హనుమయ్య అరిచిన అరుపుకు పక్క చేలో కూలీలు తలలెత్తి, మళ్లీ దించేసుకున్నారు. నాగభూషణరావు ఉన్న చోటికి ఎవరొస్తారు?

"చదువు చెల్లెమ్మా, అది ఏం రాసిందో. విన్నాకే నరుకుతా."

శేషారత్నం చదివింది. "'అతను ఆమె జడలో పువ్వు సర్దిన చోట నాకు ఏడుపు ఆగలేదు. దిండు తడిసిపోయింది.'"

"సిగ్గులేని ముండ," అన్నాడు శ్రీహరి.

"'పెద్దన్న బతికుండగా వీళ్లిద్దరూ ఒకటి కాలేరు. ముందు ఆ మీసాలోణ్ణి లేపేయాలి. అప్పుడే మనకు మనశ్శాంతి.'"

శ్రీహరి గుడ్లు తేలేశాడు. "అన్నా! నిన్నే! నిన్ను లేపేయడానికి చూస్తున్నారు!"

నాగభూషణరావు చేతిలో కొడవలి లేచింది లేచినట్టే ఆగిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. ఇక తన చెయ్యి కాదు, మెడే పోయిందనుకున్నాడు హనుమయ్య.

"చదివింది చాల్లే," అన్నాడు నాగభూషణరావు. గొంతు పీలగా వచ్చింది. "ఆ ఫోను ఇటియ్యి. సాగర్ కాలవలో పారేసొస్తా."

"ఇవ్వను అన్నయ్యా."

"ఇటియ్యమంటుంటే!" కొడవలి విసిరేసి ఆమె మీదికి పోయాడు.

శేషారత్నం ఫోను వెనక్కి దాచుకుంది. "ఈయన చెయ్యి నరికితే నాకేం ఒరుగుద్ది? రేపు అన్నం కలిపి పెట్టాల్సింది నేనేగా! నాకు దాని గొంతు వినాలనుంది. ఏం గొంతు చూసుకొని మురిశాడో నేనూ వినాలి."

"వద్దే రత్నం! నా మాట విను, మన పరువు..."

ఆమె అప్పటికే నంబరు నొక్కేసింది. స్పీకరు కూడా పెట్టింది.

అయిపోయింది. ఆవిడ ఫోనెత్తి "ఏం దేవికా, భోంచేశావా?" అందంటే, ఇన్నేళ్ల మీసం కృష్ణలో కలిసినట్టే. హనుమయ్య పగిలిన పెదవే కొరుక్కున్నాడు.

నాగభూషణరావు చొక్కా కింద, బనీను జేబులో, ఫోను మోగింది.

వింటున్నారుగా? కథ బాగుంటే ఇంకో నలుగురికి పంపండి. మీ బావకు మటుకు తప్పకుండా పంపండి, పంపి ఎక్కడ మోగుద్దో కాస్త చెవి పెట్టండి.